చెంచమ్మ ఆరు నెలలకు ఇచ్చిన ఇల్లు

మ్యూజియం అనే మాట బండగొందిలో ఎవరికీ తెలియదు గానీ ఆ వస్తువేమిటో మాత్రం తెలుసు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు మద్రాసు వెళ్లొచ్చిన వాళ్లుండేవారు. అక్కడ రెండు కాలేజీలు చూశామని చెప్పేవారు. పులులూ కోతులూ బోనుల్లో తిరిగేది బతికిన కాలేజీ. తిమింగలం ఎముకలూ, తుప్పుపట్టిన కత్తులూ వరసగా పెట్టింది సచ్చిన కాలేజీ. అందువల్ల చెంచమ్మ ఇంటిని ఆత్మకూరు వాళ్లు మ్యూజియం చేస్తారట అని నేను చెప్పగానే ఊరికి ఒక్క క్షణంలో అర్థమైంది. చెంచమ్మ ఇల్లు సచ్చిన కాలేజీ అవుతుందన్నమాట. అంతకంటే మంచి అనువాదం నేను ఇప్పటికీ చేయలేను.

నేను ఆ ఊళ్లో జిల్లా బోర్డు బడి పంతుల్ని. పేరు ఓబులయ్య. సొంతూరు ఆత్మకూరు. 1949లో నన్ను బండగొందికి వేశారు. ఉదయగిరిలో బస్సు దిగి, దుర్గం కొండను ఎడమ చేతికి పెట్టుకుని నాలుగు మైళ్లు నడిస్తే వస్తుంది. నా భార్యా తల్లీ ఆత్మకూరులో, నేనూ నా కుంపటీ ఇక్కడ. బదిలీ చేయమని పెట్టుకున్న అర్జీలకు జవాబు రాక, అసలు నా చేతిరాత బాగోలేదేమోనని దాన్ని గుండ్రంగా దిద్దుకున్నాను. జరిగినదంతటికీ ఈ బదిలీయే మూలం కాబట్టి ముందే చెబుతున్నాను. నన్ను నేను మంచివాడిగా చూపించుకోవాలని ఈ కథ రాయడం లేదు.

చెంచమ్మకు అప్పటికి అరవై దాటి ఉంటాయి. నీ వయసెంత అంటే, చిరుత దిగొచ్చి మా నాయన పొట్టేలును ఎత్తుకుపోయిన ఏడు పుట్టినా అనేది. ఆ ఏడు ఏదో చెప్పగల మనిషి ఊళ్లో లేడు కాబట్టి ఆమె వయసు మీద ఎవరూ వాదించేవారు కాదు. వాళ్ల నాయన వెంగయ్య మేకలు కాసుకునే మనిషి. దుర్గం కోట గోడలు కూలినచోట రాళ్లు ఎవరివీ కావు గనక, రోజుకొకటి చొప్పున మేకలతో పాటు దించుకొచ్చి, మట్టితో కట్టి, బోదగడ్డి కప్పి మూడంకణాల ఇల్లు చేశాడు. మగపిల్లలు లేరు. తిరుపాలు అనే కుర్రవాణ్ణి ఇల్లరికం తెచ్చి చెంచమ్మకు చేశాడు. తిరుపాలు నోట్లో నాలుక లేనివాడు. ఆ లోటు చెంచమ్మ తీర్చింది. ఆమె నోటికి మునసబు దగ్గర్నుంచి పొట్టేలు దాకా అందరూ జడిసేవారు. ఏళ్ల తరబడి తడికి మురిగిన దూలాన్ని తిరుపాలు ఒక్కడే మార్చాడనీ, ఆ రోజు నడుం పట్టి నాలుగు రోజులు పడుకున్నాడనీ, మొగుడి గురించి ఆమె చెప్పుకునే గొప్ప అదొక్కటే. నేను వెళ్లేనాటికి అతను పోయాడు. ఉన్న ఒక్క కూతురు మాలకొండమ్మను దుత్తలూరు పక్క ఇచ్చారు. చెంచమ్మ, పద్దెనిమిది మేకలు, ఆ ఇల్లు.

నాకు రోజూ పొద్దున మేకపాలు తెచ్చిపోసేది. పాలు పోసేది చిటికెలో, కబుర్లు గంటసేపు. ఆ కబుర్లలోనే ఒకనాడు ఏటూరి వేదాద్రి సంగతి చెప్పింది.

వేదాద్రి అంటే తెలియని తెలుగువాడు అప్పట్లో లేడు. మా ఊరి వెనకటి మునసబు మనవడు. ఏడెనిమిదేళ్లకే నెల్లూరు చదువుకి పోయి, అటునుంచి మద్రాసు పోయి, పెద్ద కవి అయ్యాడు. మళ్లీ బండగొంది ముఖం చూడలేదు గానీ, తన చిన్ననాటి ఇంటి గురించి పుస్తకంలో ఒక అధ్యాయం రాశాడు. చదివిన వాళ్లంతా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. తలవంచితే గానీ లోపలికి రానివ్వని గుమ్మం, చేటంత గవాక్షం, ఆ గవాక్షంలో ఇమిడిపోయిన దుర్గం కొండ, దూరంగా మేకల వాసన. ఆ అధ్యాయంలో మేకల వాసన ఉంది గానీ మేకలు కాసే వాళ్లెవరూ లేరు.

చెంచమ్మ చెప్పింది వేరు. మా వైపు ఒక పద్ధతుంది. మనిషి మంచి నక్షత్రంలో పోతే ఇంటికేమీ కాదు. ధనిష్ఠ మొదలు అయిదు నక్షత్రాల్లో పోతే మాత్రం ఇల్లు పాడుపెట్టాలి. పొయ్యి ఆర్పి, గడపకు ముళ్లకంప అడ్డంపెట్టి, ఇంటిల్లిపాదీ ఇంకెక్కడన్నా తలదాచుకోవాలి. ధనిష్ఠకైతే ఆరు నెలలు. గడువు తీరాక మంచిరోజు చూసి, కడిగి, పాలు పొంగించి మళ్లీ చేరతారు. వేదాద్రి తాత సరిగ్గా ధనిష్ఠలో పోయాడు. మునసబుగారి పెద్ద మిద్దెకు ముళ్లకంప పడింది. దగ్గర్లో ఉన్న ఇల్లు, వాళ్ల మేకలు కాసే వెంగయ్యది. ఇస్తావా అని అడగలేదు, ఆరు నెలలు దొడ్లో సర్దుకోరా అన్నారు. వెంగయ్య పెళ్లాంబిడ్డలతో మేకల దొడ్లోకి మారాడు. చిన్న చెంచమ్మ మేకపిల్లల మధ్య పడుకుంది.

ఆ ఆరు నెలలు రెండేళ్లయింది. మునసబు కొడుకు భూమి దావాకు నెల్లూరు తిరగడం, ముహూర్తం కుదరకపోవడం, ఏదో ఒకటి. చివరికి కాపురమే నెల్లూరికి ఎత్తేశారు. పెద్ద మిద్దె మనిషి లేక కూలి, తర్వాత ఊరికి పెంటదిబ్బగా పనికొచ్చింది. వెంగయ్య తన ఇంట్లోకి తాను వచ్చాడు. వేదాద్రికి మాత్రం బాల్యమంటే ఆ రెండేళ్లే జ్ఞాపకముంది.

"ఆ పిల్లోడికి మేకంటే బయ్యం" అంది చెంచమ్మ. "గోడకి బొక్క పెట్టింది మా నాయన, రాత్రి చిరుత వస్తే తెలియాలని. ఈ పిల్లోడు దానికాడ కూసోని, మేకలు పోయినాయా, పోయినాయా అని నన్ను అడగతా ఉండేవాడు. నా రేగ్గాయలన్నీ తినేవాడు."

నేను గవాక్షాన్ని గుర్తుపట్టాను. నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు నాలోనే ఉంచుకుని ఉంటే బాగుండేది.

1953 శ్రావణంలో వేదాద్రి మద్రాసులో పోయారు. నెల తిరిగేసరికి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కొత్త రాష్ట్రం ఉత్సాహంలో ప్రతి తాలూకాకూ ఒక మహాకవి అవసరమయ్యాడు. ఆత్మకూరులో వేదాద్రి స్మారక సంఘం పెట్టారు. అధ్యక్షులు రోశయ్య గారు, రిటైరైన డిప్యూటీ తాసీల్దారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు శిస్తులు వసూలు చేసి, దిగిపోయాక పద్యాలు రాయడం మొదలుపెట్టారు. రెండిటికీ జనం ఒకేరకంగా తప్పుకు తిరిగేవారు. జిల్లా బోర్డులో ఆయన మాట చెల్లుతుందని అందరికీ తెలుసు. నాకు మరీ తెలుసు.

దీపావళి వెళ్లాక రోశయ్య గారు కారులో బండగొంది వచ్చారు, కవిగారి చిన్ననాటి గృహాన్ని మ్యూజియం చేయడానికి. ఊళ్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నేనే దారి చూపించాను. పెద్ద మిద్దె ఉన్నచోటుకి తీసుకుపోయి, ఇదేనండీ అన్నాను. ఆయన పెంటదిబ్బ ముందు నిలబడి కండువాతో ముక్కు మూసుకున్నారు. దిబ్బ మీద కోళ్లు కెలుకుతున్నాయి. ఆయన ముఖం చూస్తే జాలేసింది. జాలికంటే ముందు బదిలీ గుర్తొచ్చింది.

అయ్యా, పుస్తకంలో ఉన్న ఇల్లు ఇది కాదు అన్నాను.

చెంచమ్మ ఇంటి గుమ్మంలో రోశయ్య గారు చెప్పులు విడిచి, తలవంచి లోపలికెళ్లారు. గోడకున్న బొక్కలోంచి చూశారు. దుర్గం కొండ సరిగ్గా అందులో ఇమిడి ఉంది. ఆయన కళ్లు ధారలు కట్టాయి. పొయ్యి పొగ పట్టిందేమోనని చెంచమ్మ, కాస్త అటు జరగండయ్యా అని చెప్పి మజ్జిగ తెచ్చింది. ఆయన ఆ మజ్జిగ తాగి, ఓబులయ్యా నువ్వు చరిత్రను కాపాడావు, ఇలాంటివాడు ఉండాల్సింది ఈ అడవిలో కాదు అన్నారు. నన్ను సంఘానికి కార్యదర్శిని చేశారు. నా చరిత్ర ఆ మాటతోనే మొదలైంది.

ఇల్లు రాయించుకునే పని కార్యదర్శి మీద పడింది. పుష్యంలో కాగితం పట్టుకుని వెళ్లాను. నా యావదాస్తి అయిన మూడంకణాల గృహమును స్మారక సంఘమునకు శాశ్వతముగా, నా వారసులకెట్టి హక్కూ లేకుండా అని మొదలయ్యే కాగితం. ప్రతిఫలంగా సభలో శాలువా కప్పి సన్మానం. చెంచమ్మ మేకకు గిట్టలు చూస్తోంది. ఇల్లు ఖాళీ చేయాలి అవ్వా, వేదాద్రి గారు పోయారు గదా, అందుకు, అన్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక అన్న మాట అది. అంతకుమించి దాంట్లో మోసం లేదు. మోసం తర్వాత వచ్చింది.

ఆమె మేక కాలు వదిలేసింది.

"దనిష్టలో పోయినాడా?" అంది. నేను కాగితం మడత విప్పుతున్నాను. తనే చెప్పుకుపోయింది. "మనబోటోళ్లకైతే పోయిన ఇంటికే తగులుతాది. గొప్పోళ్లకి ఉన్న ఇళ్లన్నిటికీ తగులుతాది గావాల. పాపం, రెండేండ్లు ఉన్నందానికి గూడా ఇడవలేదే. అయితే ఆరు నెల్లు పాడుపెట్టాల. అంతే గదా అయ్యోరా?"

వేదాద్రి గారు ఏ నక్షత్రంలో పోయారో పత్రికల వాళ్లు రాయలేదు. మహాకవి తార రాలిందని మాత్రం రాశారు. శాశ్వతముగా అనే మాట నా చేతిలోని కాగితంలో మూడో పంక్తిలో ఉంది. దాన్ని చదివి వినిపించడానికి నాకు ఒక్క ఊపిరి చాలు.

"ఊ" అన్నాను.

చెంచమ్మ బొటనవేలు పాలదుత్త అంచుకు తుడుచుకుని ముందుకు చాపింది. వేలిముద్ర చక్కగా పడింది. రోశయ్య గారు తర్వాత దాన్ని చూసి, ఎంత స్పష్టంగా ఉందో చూశావా, పల్లెటూరి వాళ్ల మనసులాగే, అన్నారు.

మంచిరోజు కూడా ఆమే చూసుకుంది. పొయ్యి ఆర్పి, దేవుడి గూట్లో దీపం కొండెక్కించి, సంగటి కుండా నాలుగు ముంతలూ మాత్రం తీసుకుని దొడ్లోకి మారింది. మిగతావన్నీ ఇంట్లోనే వదిలింది. పాడుపెట్టిన ఇంట్లోంచి సామాను తీయడం వాళ్లలో లేదు, ఇంటికి మళ్లీ వస్తామనే గుర్తుగా ఉంచుతారు. గడపకు అడ్డంగా ముళ్లకంప లాగింది. మర్నాడు సంఘం పంపిన వడ్రంగి ఆ కంప తీసి పడేసి, తలుపుకు తాళం బిగించాడు. ఆమె చూసి ఏమీ అనుకోలేదు. పెద్దవాళ్ల ముళ్లకంప ఇనుముతో చేస్తారు కాబోలని నాతో అంది.

మ్యూజియానికి వస్తువులు కావాలి. రోశయ్య గారు మద్రాసు రాస్తే వేదాద్రి గారి కుమారుడు ఒక కళ్లజోడు పెట్టె పంపాడు, కళ్లజోడు లేకుండా. ఒక పెట్టెతో మ్యూజియం కాదు. కానీ ఇంట్లో చెంచమ్మ సామానంతా ఉంది. రోశయ్య గారు చెబుతుంటే నేను నా గుండ్రటి చేతిరాతతో కార్డులు రాశాను. తిరుపాలు అల్లిన నులకమంచం మీద, కవిగారు బాల్యమున శయనించిన మంచము అని పెట్టాం. చల్లకవ్వం మీద, కవిమాతృమూర్తి వాడినది అని పెట్టాం. తిరగలి మీద ఏం పెట్టాలో తోచక, ముట్టరాదు అని పెట్టాం. ఆ మంచం ఆరేడేళ్ల కిందట అల్లిందండీ అని నేను ఒకసారి అన్నాను. మంచం కోళ్లు పాతవే కదయ్యా, భక్తి ముఖ్యం అన్నారాయన. నేను మళ్లీ అనలేదు.

జయ నామ సంవత్సర ఉగాది నాడు మ్యూజియం తెరిచారు. ఉదయగిరి నుంచి మేళం, నెల్లూరు నుంచి వక్తలు వచ్చారు. చెంచమ్మకు మండుటెండలో ఉన్ని శాలువా కప్పారు. ఇంటి ముందు ఇంత సంబరమెందుకో ఆమెకు కొంచెం వింతగానే తోచింది. శాంతి చేయిస్తున్నారు గావాల అని పక్కనున్న వాళ్లకు సర్దిచెప్పింది. ఊళ్లో కొందరు నన్ను అడిగారు, ఇల్లు ఎప్పుడు తిరిగిస్తారని. సంఘం చూసుకుంటుంది అన్నాను. సంఘం అనే మాట ఎంత సుఖమైనదో కార్యదర్శి అయ్యాకే తెలిసింది.

ఆ తర్వాత నెలలు నాకు గుర్తు లేకుండా ఉంటే బాగుండును. తాళంచెవి నా దగ్గరే ఉండేది. రాగులు విసురుకోవాలని ఆమె వస్తే, సెలవురోజు చూసి తలుపు తీసేవాణ్ణి. ముట్టరాదు అనే కార్డు పక్కన పెట్టి, విసురుకుని, పిండి తుడిచి, కార్డు మళ్లీ తనే యథాస్థానంలో నిలబెట్టేది. దాని మీద ఏముందని అడగలేదు. పొయ్యి వైపు, మంచం వైపు ఒకసారి చూసి, తొందర పడగూడదులే అనుకుంటూ పోయేది. ఆషాఢంలో వానలు మొదలయ్యాయి. దొడ్డికి కప్పు సగమే ఉంది. పొడి మూల ఈనిన మేకలకిచ్చి తాను తడిమూల పడుకుంది. దగ్గు పట్టింది. మాలకొండమ్మ వచ్చి, మాయింటికి రా అమ్మా అని ఏడ్చి మొత్తుకుంటే, ఇంకెంత, నెలే గదా, ఇప్పుడొస్తే మేకల్ని ఎవరు జూస్తారు అంది. నేను అక్కడే ఉన్నాను. దగ్గుకు మిరియాల కషాయం తాగమని సలహా చెప్పాను.

ఆషాఢంలో ఇల్లు చేరరు గనక ఆమె శ్రావణం దాకా ఆగింది. అమావాస్య వెళ్లిన మూడో రోజు బడికి వచ్చింది. పిల్లలు పోయాక నేను చాక్‌పీసు ముక్కలు ఏరుతున్నాను. ముంతలో పాలు తెచ్చింది, నాకు కాదు, పొంగించడానికి. శుక్రవారం మంచిదని ఉదయగిరి పూజారి చెప్పాడట. తలుపు తీస్తే నేడే కడిగి, సున్నం కొట్టుకుంటానంది. కడగడానికి చీపురూ పేడా బయట తట్టలో పెట్టుకునే వచ్చింది.

ఎన్నో విధాలుగా చెప్పబోయాను. గౌరవమనీ, తెలుగుజాతి అనీ ఏవో మాటలొచ్చాయి. ఆమె నా ముఖంలోకే చూస్తోంది. చివరికి నిజం చెప్పాను. ఇల్లు ఇక తిరిగిరాదు, నువ్వు వేలిముద్ర వేసిన కాగితంలో అలాగే ఉంది, ఆనాడే నాకు తెలుసు, చెప్పలేదు అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఆమె నోటికి ఊరంతా జడుస్తుందని చెప్పాను గదా. తిడితే నాకు కొంత తేలికయ్యేది. ఆమె పాలముంత కింద పెట్టి, గడప మీద కూర్చుంది. చాలాసేపు దగ్గింది.

"మనిషి పోతే ఇల్లు ఆరు నెల్లకి లేస్తాది" అంది. "ఇల్లే పోతే ఏం జెయ్యాల అయ్యోరా?"

నేను ఏరిన చాక్‌పీసు ముక్కలు డబ్బాలో వేశాను.

"ఏడవాల గదా. ఏడ్చే దిక్కు లేకుండా ఏదీ పోగూడదు."

లేచి వెళ్లిపోయింది. పాలముంత అక్కడే ఉండిపోయింది. పిలిచి ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ రాత్రి దీపం ముందు కూర్చున్నాను. రోశయ్య గారికి ఉత్తరం రాసి, ఆ కాగితం రద్దు చేయమని అడుగుదామని కలం తీశాను. అదే వారం జిల్లా బోర్డులో బదిలీల జాబితా తయారవుతోందని ఆయనే నాకు ముందురోజు కబురు పెట్టి ఉన్నారు. కలం మూశాను.

శ్రావణ బహుళంలో వేదాద్రి గారి మొదటి వర్ధంతి. మద్రాసు నుంచి ఒక పత్రికాయన కెమెరాతో వచ్చాడు. ఆత్మకూరు పెద్దలు రెండు కార్లలో వచ్చారు. గుమ్మం పక్కన కవిగారి పటం పెట్టి, పెద్ద బంతిపూల దండ వేశారు. రోశయ్య గారు తన పద్యాలు సగం చదివేసరికి, మేకల దొడ్డి వైపు నుంచి చెంచమ్మ వచ్చింది. తలారా స్నానం చేసి, జుట్టు విరబోసుకుని ఉంది. ఎవరినీ చూడలేదు. తిన్నగా గుమ్మం దగ్గరికి పోయి, గడప మీద తల ఆనించి, శోకం ఎత్తుకుంది.

నేను చాలా చావులు చూశాను గానీ అలాంటి శోకం వినలేదు. కొండ మీంచి రాయి రాయీ మోసుకొచ్చిన వెంగయ్యను తలుచుకుంది. దూలమెత్తి నడుం పడిపోయిన తిరుపాలును తలుచుకుంది. కూతుర్ని కన్న మూల, మొగుడు పోయిన మూల, ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలిచింది. నా ఏలితోనే నిన్ను పొడుచుకుంటినే, చదువు రాని ముండని నమ్ముకోని నిలబడితివే అని గడపను రెండు చేతులా పట్టుకుని ఊగింది. గ్రామస్థులకు ప్రతి మాటా తెలుస్తోంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన కూర్చుని గొంతు కలిపారు. ఎవరింటి చావుకైనా అలాగే కలుపుతారు. నాకు కూడా ఏడుపొచ్చింది. ఏడ్చాను. నేను ఏడవడం చూసి రోశయ్య గారు నా భుజం తట్టారు.

పెద్దల వైపున అందరూ లేచి నిలబడ్డారు. శోకంలో మాటలు వాళ్లకు పట్టుబడలేదు. వాళ్లకు కనిపించింది కవిగారి పటం, దాని ముందు జుట్టు విరబోసుకున్న ముసలమ్మ. పత్రికాయన మోకాళ్ల మీద కూర్చుని ఫోటో తీసుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఈవిడ ఎవరు, కవిగారికి ఏమవుతుంది అని అడిగాడు. నేను నోరు తెరిచాను.

"చిన్ననాటి నేస్తం. ఏడాదైనా మరవలేకపోతోంది" అన్నారు రోశయ్య గారు, నా కంటే ముందు. "ఇలాంటి అభిమానం ఏ దేశంలో ఉందండీ?"

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. పత్రికలో ఆ ఫోటో పెద్దగా పడింది. రోశయ్య గారు దాన్ని మద్రాసులో పెద్దది చేయించి, చట్రం కట్టించి పంపారు. దానితో పాటే నా బదిలీ ఉత్తరువు కూడా వచ్చింది. ఆత్మకూరులోనే, ఇంటి పక్క వీధి బడి.

వెళ్లేరోజు కార్యదర్శిగా నాకు మిగిలింది ఒకటే పని, ఆ ఫోటో తగిలించి కింద కార్డు పెట్టడం. గవాక్షం పక్కన మేకు కొట్టి తగిలించాను. కార్డు మీద రోశయ్య గారు పంపిన మాటలే రాశాను: కవిగారి నిర్యాణమునకు విలపించుచున్న గ్రామీణ స్త్రీ. పేరు ఆయన రాయలేదు. నేనూ రాయలేదు. మేకులూ సుత్తీ సర్దుకుంటూ ఉండగా గుమ్మంలో నీడ పడింది. చెంచమ్మ. వర్ధంతి తర్వాత ఆమె నాకు పాలు పోయడం లేదు, నాతో మాట్లాడటం లేదు. మనిషి సగమైపోయింది.

తలవంచి లోపలికి వచ్చింది. మంచాన్నీ కవ్వాన్నీ చూడలేదు. ఫోటో ముందు నిలబడింది. ఆమె తన ముఖం ఫోటోలో చూసుకోవడం అదే మొదటిసారి. చాలాసేపు చూసి, కింద కార్డు మీద వేలు పెట్టింది.

"ఏమని రాసినారు?"

ఆ ముసలిదానికి ఇంకొక దెబ్బ కొట్టలేకపోయాను. అంతేనో, లేక నన్ను నేను కాపాడుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

"చెంచమ్మ, ఈ ఇల్లు ఈమెది అని" అన్నాను.

ఆమె ఆ అక్షరాలను మెల్లగా వేలితో తడిమింది, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా.

"ఇప్పటికి ఒక నిజం రాసినారయ్యోరా" అంది. నన్ను క్షమించినట్టు తల ఊపి, చట్రానికి అంటిన దుమ్ము కొంగుతో తుడిచి, దొడ్లోకి వెళ్లిపోయింది.

సిరాబుడ్డి ఇంకా బల్ల మీదే ఉంది. ఖాళీ కార్డులు కూడా ఉన్నాయి. ఉన్నది తీసేసి ఇంకొకటి రాయడానికి అయిదు నిమిషాలు చాలు. ఉదయగిరిలో బస్సు తప్పిపోతుందని తాళం వేసి బయలుదేరాను.